తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2025-26

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు, అధ్యక్షుల వారికి, ప్రధానోపాధ్యాయులు గారికి, ఉపాధ్యాయులందరికీ నమస్కారాలు. గత సంవత్సరం సంఘం చేసిన పనుల వివరాలు మీ ముందు ఉంచుతున్నాను.

ఏటా చేసే పనులు ఈసారీ చేశాం. బడి తెరవగానే అవసరమైన పిల్లలకు నోటు పుస్తకాలు ఇచ్చాం. 2025 జూలై 10న రాష్ట్రమంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున కుర్చీలు వేయడం దగ్గర్నుంచి వడ్డన దాకా మనవాళ్లే చూసుకున్నారు. తిరుమల బ్రహ్మోత్సవాల రద్దీలో బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి పిల్లల్ని రోడ్డు దాటించిన కొర్లగుంట, బైరాగిపట్టెడ సభ్యులకు ప్రత్యేక ధన్యవాదాలు. ఇవన్నీ మీరు చూసినవే కాబట్టి ఎక్కువ చెప్పను. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఒక్క పనికే పోయింది. బడిలో పిల్లలు ఇంటర్నెట్‌ను జాగ్రత్తగా, బాధ్యతగా వాడేలా చూడటమే ఆ పని.

2022 డిసెంబరులో ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. క్లాసుల్లోకి టచ్ ప్యానెళ్లు కూడా వచ్చాయి. వాటి వల్ల పాఠాలు బాగా అర్థమవుతున్నాయని పిల్లలే చెబుతున్నారు. కానీ వాటిని వాడే పద్ధతిని ఎవరూ ఏర్పాటు చేయలేదు. టీచర్లు సొంత జీమెయిల్‌తో ప్యానెల్‌లో లాగిన్ అయ్యేవారు. బెల్లు కొట్టగానే అలాగే వదిలేసి పక్క క్లాసుకు వెళ్లేవారు. ఆ తర్వాత పిల్లల చేతికి దొరికేది పెద్దవాళ్ల అకౌంట్, అందులో పిల్లల వయసుకు తగిన హద్దులేవీ ఉండవు. పాఠం వీడియో అయిపోగానే దానికదే ఇంకో వీడియో మొదలయ్యేది. అది ఏం వీడియో అన్నది పిల్లల అదృష్టం మీద ఆధారపడి ఉండేది.

ముందు ఈ సంగతి సరిచేశాం. ప్యానెళ్లకు బడి పేరు మీద విడిగా అకౌంట్ పెట్టించాం. వీడియో దానికదే మొదలయ్యే ఆటోప్లే తీసేయించాం, పిల్లలకు తగనివి కనిపించకుండా చేసే సేఫ్‌సెర్చ్‌ను గూగుల్‌లో, రిస్ట్రిక్టెడ్ మోడ్‌ను యూట్యూబ్‌లో ఆన్ చేయించాం. రౌటర్‌లోనే ఫ్యామిలీ ఫిల్టర్ డీఎన్ఎస్, అంటే సైటు పేరును చూసి చెడ్డవాటిని ఆపే ఏర్పాటు, పెట్టడంతో బడి వైఫై మీద తెరిచే సైట్ల పేర్లు మామూలుగా ముందు దాని దగ్గరికే వెళ్తాయి. నెట్ సెంటర్ నడిపే మన సభ్యుడొకరు షాపు మూసి వచ్చి, ఒక్క రూపాయి తీసుకోకుండా ఈ పనంతా చేసి పెట్టారు. ఆయనకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఫిల్టర్ పెట్టాం కదా, ఇక టెన్షన్ లేదని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే రౌటర్‌లో పెట్టిన ఫిల్టర్‌కు పనే లేదు, ఆ సంగతి 8వ తరగతి పిల్లలకు మనకంటే బాగా తెలుసు. మరోపక్క 10వ తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠానికి మేడమ్ ఎంచుకున్న మంచి వీడియో ఒకటి రిస్ట్రిక్టెడ్ మోడ్‌లో కనిపించకుండా పోయింది. అందుకే టీచర్లు వీడియోలను ముందురోజే ప్యానెల్‌లో పెట్టి చూసుకోవాలని తీర్మానించాం. కంప్యూటర్ ల్యాబ్‌లో బల్లలను గోడల వెంట వేయించి, స్క్రీన్లన్నీ గది మధ్యకు తిరిగి ఉండేలా మార్పించాం. మాస్టారు మధ్యలో నిలబడితే చాలు, అన్ని స్క్రీన్లూ ఆయన కంటికి ఆనుతాయి. పైసా ఖర్చు లేని ఈ మార్పు మిగతా ఏర్పాట్లన్నిటికంటే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

ల్యాబ్ నియమాలను 9వ తరగతి పిల్లలతోనే రాయించాం. పాస్‌వర్డ్ స్నేహితులకైనా చెప్పం, అడగకుండా ఎవరి ఫొటో తీయం, చాట్‌జీపీటీని అడిగి రాసిన జవాబు కింద ఏం అడిగామో రాస్తాం, సొంత మాటల్లో చెప్పగలిగితేనే మార్కులు అని వాళ్లే రాసుకొచ్చారు. చివరి నియమం మీద మాత్రం కార్యవర్గంలో పెద్ద చర్చే జరిగింది. "చెడ్డది ఏదైనా కనిపిస్తే స్క్రీన్ ఆపేసి టీచర్‌కు చెబుతాం. చెప్పినందుకు మమ్మల్ని తిట్టకూడదు, ఇంట్లో ఫోన్ లాక్కోకూడదు" అని పిల్లలు రాశారు. పిల్లలు పెద్దలకు షరతు పెట్టడమేమిటని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. నేను ఆ రోజు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. ఎవరో తెలియని మనిషి ఫొటో పంపమని అడిగినప్పుడు ఆడపిల్ల ఇంట్లో చెప్పకపోవడానికి అసలు కారణం ఫోన్ పోతుందన్న భయం. ఆ భయం ఉన్నంతవరకు ఏ ఫిల్టరూ మన పిల్లల్ని కాపాడలేదు. చివరికి ఆ నియమం ఉన్నది ఉన్నట్టుగా గోడకెక్కింది. ఒప్పుకున్న సభ్యులకు ధన్యవాదాలు.

ఈ ఏడాది మనందరం గర్వపడాల్సిన రోజు 2026 ఫిబ్రవరి 10. ప్రపంచమంతటా సురక్షిత ఇంటర్నెట్ దినం జరుపుకునే ఆ రోజున మన పిల్లలు తల్లిదండ్రులకు పాఠం చెప్పారు. తిరుపతి పిల్లలకు దొంగ సైట్ల గురించి చెప్పాలంటే ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. దర్శనం టికెట్లు, గదులు ఇప్పిస్తామంటూ పుట్టుకొచ్చే నకిలీ సైట్ల గురించి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. 9వ తరగతి అమ్మాయి ఒకరు బోర్డు మీద రెండు చిరునామాలు రాసింది. ఒకటి టీటీడీ అసలు సైటు, చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. రెండోది తిరుమల పేరు, దర్శనం పేరు కలిపి చివర డాట్ కామ్ పెట్టి తను కల్పించిన చిరునామా. "పేరు చూసి నమ్మొద్దు. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు" అని చాక్‌పీసుతో ఆ చివరి ముక్క చుట్టూ సున్నా చుట్టింది. లాడ్జిలో పనిచేసే తల్లి ఒకరు లేచి, యాత్రికులు ఏ సైటులో బుక్ చేయాలని రోజూ తననే అడుగుతారని చెప్పి, ఆ చిరునామాను అరచేతిలో రాసుకున్నారు. సభ చప్పట్లతో మార్మోగింది.

ఆ రోజు పిల్లలు చెప్పిన మరికొన్ని విషయాలు రాలేకపోయిన వారి కోసం ఇక్కడ రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లలకు ఎలాంటి ఆపద వచ్చినా పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. 18 ఏళ్ల లోపు పిల్లల అసభ్య ఫొటోలు బయటికి వస్తాయన్న భయం ఉంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు, ఆ ఫొటో నుంచి తయారయ్యే అంకెలు, అక్షరాల గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ గుర్తుతో అందులో చేరిన సంస్థలు తమ సైట్లలో ఆ ఫొటోను వెతికి తీసేయగలుగుతాయి. ఎవరైనా బెదిరిస్తుంటే మాత్రం ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, పోలీసులకు అవే సాక్ష్యం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి అడుగుతోంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని, మీ సంతకం లేకుండా పిల్లల ఫొటోలు, పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదని తీర్మానించాం. దయచేసి సభ్యులు కూడా పాటించాలి.

కొన్ని బాధ కలిగించిన విషయాలూ చెప్పాలి. ఫిబ్రవరి సభకు వస్తానని మాటిచ్చిన అధికారి రాలేదు, ఫోన్ కూడా తీయలేదు. పిల్లలు పూలగుచ్ఛం పట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ల్యాబ్‌కు ఒక సహాయకుణ్ణి ఇవ్వమని పెట్టుకున్న అర్జీల మీద స్వీకరించినట్టు ముద్ర పడింది, అంతకుమించి ఏమీ జరగలేదు. శనివారం ల్యాబ్ డ్యూటీకి పేర్లిచ్చిన వారిలో ఎక్కువమంది ఒక్కరోజూ రాలేదు. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టడం వేరు, వచ్చి పిల్లల పక్కన కూర్చోవడం వేరు. జీవకోన నుంచి వచ్చే నలుగురు తల్లులే ఏడాదంతా ఆ బరువు మోశారు. వాళ్లలో ఇద్దరికి కంప్యూటర్ వాడటం రాదు, అయినా ఒక్క శనివారం మానలేదు. వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

జమాఖర్చుల పట్టికను నివేదికకు జతచేశాం. కోశాధికారి గారు చదివి వినిపిస్తారు, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. రౌటర్‌కు, వైరింగ్‌కు విరాళమిచ్చిన గాంధీ రోడ్డు వ్యాపారులకు, కుర్చీలు, షామియానా ఇచ్చిన వారికి, టీ ఖర్చు భరించిన ఉపాధ్యక్షుల వారికి, పాఠం చెప్పిన పిల్లలకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది ఇదే పాఠాన్ని 6, 7 తరగతులకు కూడా చెప్పించాలని కార్యవర్గం నిర్ణయించింది. శనివారం డ్యూటీ పట్టిక బయట బల్ల మీద ఉంది. తప్పకుండా రాగలిగినవారే, ఏ నెలలో వస్తారో రాసి సంతకం పెట్టి వెళ్లండి.

కార్యదర్శి