మా నాయిన గొలుసు, మా పిల్లల యాంటెన్నా: సైన్స్ అండ్ టెక్నాలజీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ మంత్రి గారికి, నమస్తే సార్.

నేను నల్లగొండ దగ్గర డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ చెప్తా. మా దిక్కు పిల్లలు ఆకాశం రేడియో సిగ్నళ్లు చూసేందుకు చిన్న డిష్‌లు అడుగుదామని ఈ లేఖ రాస్తున్న. మా నాయిన సర్వేల చైన్‌మన్. 33 అడుగుల ఇనుప గొలుసు భుజాన ఏసుకొని దేవరకొండ దిక్కు చెల్కలన్ని తిరిగేటోడు, పొడుగు ఒక గొలుసు వెడల్పు ఒక గొలుసు అయితే గుంట, అసొంటివి 40 అయితే ఎకరం. ఎండాకాలం పొద్దుగాల్నే కొలతలు పెట్టుకునేటోడు. ఎందుకు నాయినా అంటే, ఎండకు ఇనుము సాగుతది, పది గొలుసులకు ఇంచు దాక తేడా వస్తది, గెట్టు కాడ తేడా వస్తే రెండు ఇండ్లు మాట్లాడుకోవు బిడ్డా అన్నడు.

ఇదే లెక్క రేడియో ఆస్ట్రానమీ వాళ్లు, అంటే ఆకాశం నుంచి వచ్చే రేడియో సిగ్నల్ పట్టి చదివేటోళ్లు కూడ చేస్తరు సార్. పెద్ద పెద్ద డిష్‌లు ఎండకు ఉబ్బుతయి, అది ఎంతనో లెక్కగట్టి తీసేస్తరు, ఎందుకంటే వాళ్లకు ఖండం నుంచి ఖండానికి దూరం మిల్లీమీటర్లల్ల కావాలె. కొన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంల క్వేజార్లు అనే బాగ వెలిగే గెలాక్సీ నడిబొడ్లు ఉంటయి, అంత దూరం ఉన్నందుకు మనకు అసలు కదలనట్టే ఉంటయి, వాటి రేడియో సిగ్నల్‌ను రెండు ఖండాల్ల డిష్‌లు ఒక్కసారే రికార్డ్ చేస్తయి, ఒక్కో డిష్ దగ్గర హైడ్రోజన్ మేసర్ అనే బాగ కచ్చితమైన గడియారం ఉంటది, ఒక డిష్‌కు సిగ్నల్ ఎంత ముందు వచ్చిందో చూస్తే నడుమ దూరం తెలుస్తది. ఈ పద్ధతి 1967ల మొదలైంది, పేరు వీఎల్‌బీఐ (వెరీ లాంగ్ బేస్‌లైన్ ఇంటర్‌ఫెరోమెట్రీ). 1980లల్ల యూరప్, అమెరికా ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నయని దీంతోనే కొలిచి చూపించిన్రు. మన ఇండియా నేల అయితే ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యం దిక్కు పోతున్నది, అంటే మా నాయిన పాతిన గెట్టు రాయి కూడ 20 ఏండ్లల్ల మీటరు జరిగింది. ఇయ్యాల సర్వేయర్ చేతిల ఉన్న జీపీఎస్ మిషన్ సరిగ్గ చూపియ్యాలంటే భూమి ఎంత తిరిగిందో తెలువాలె, ఆ లెక్క క్వేజార్ల నుంచే వస్తది.

ఇప్పటి జింబాబ్వేల పుట్టిన అలన్ రోజర్స్ గారు అమెరికా హేస్టాక్ అబ్జర్వేటరీల ఈ పని మొదట్ల చేసినోళ్లల్ల ఒకరు. భూమిని కొలిచే రిసీవర్లు చేసిన ఆ చేతులే తర్వాత ఆస్ట్రేలియా ఎడారిల ఒక టేబుల్ అంత యాంటెన్నా పెట్టినయి, తొలి నక్షత్రాల కాలం సిగ్నల్ దొరికిందని ఆయన టీమ్ 2018ల చెప్పింది. దాన్ని చెక్ చేసింది మనోళ్లే సార్, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. కర్ణాటకల నీళ్ల మీద యాంటెన్నా తేలేసి చూస్తే ఆ సిగ్నల్ రాలే, 2022ల పేపర్ వచ్చింది. ఇది నాకు ఓటమి లెక్క అనిపియ్యదు, ఒకరి కొలతను ఇంకొకరు మళ్ల కొలిచి చూసుడే అసలు పని.

ఇగ మా పిల్లల సంగతి. పోయినేడు బీఎస్సీ పిల్లలు థర్మకోల్ షీట్లకు వంటింటి ఫాయిల్ అతికిచ్చి, ప్యాకింగ్ టేప్ చుట్టి గరాటు లెక్క ఒక హార్న్ చేసిన్రు, టీవీ డాంగల్ అసొంటి చిన్న రిసీవర్ పెట్టి ల్యాప్‌టాప్‌కు కలిపిన్రు. కాలేజీ మిద్దె మీద మొదటి మూడు రాత్రులు సెల్ టవర్ రొద తప్ప ఏం రాలే. నాలుగో రాత్రి 1420 మెగాహెర్ట్జ్ కాడ గీత కొద్దిగ ఉబ్బింది, పాలపుంతల హైడ్రోజన్ గ్యాస్ ఇచ్చే రేడియో సిగ్నల్ అది! చింతపల్లి దిక్కు నుంచి వచ్చే ఒక ఆటో డ్రైవర్ బిడ్డ ఆ స్క్రీన్‌ను వేలితోటి ముట్టి, సార్ నేను దీన్లనే పీహెచ్‌డీ చేస్త, ఎవరి దగ్గరికి పోవాలె అన్నది. పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే పెద్ద రేడియో టెలిస్కోప్ ఉన్నదని, ఒక్కోటి 45 మీటర్ల డిష్‌లు 30 ఉంటయని చెప్పిన. కాని అక్కడి దాక పోయేందుకు ఇక్కడ మొదటి మెట్టు ఏది అంటే నా దగ్గర జవాబు లేదు. ఒక ఆఫీసుకు రెండుసార్లు లెటర్ రాసిన, జవాబు రాలే.

మనకు ఇది కొత్త కాదు సార్. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీల చూసిన్రు, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల 48 ఇంచుల టెలిస్కోప్ అక్కడనే. ఆ రోజు మా అమ్మ తలుపులు పెట్టుకొని ఇంట్ల కూసున్నదట. ఆమె మనవలు మిద్దె ఎక్కి చూస్తున్నరు.

నేను అడిగేది పెద్ద టెలిస్కోప్ కాదు. నల్లగొండ, పాలమూరు యూనివర్సిటీల తరఫున మూడు మీటర్ల డిష్ ఒక్కోటి, దాని పక్కనే నేల జరుగుడును కొలిచేందుకు రాత్రింబగళ్లు నడిచే జీపీఎస్ స్టేషన్ ఒక్కోటి పెట్టియ్యండి, ఆ డేటా పిల్లల చేతికి ఇయ్యండి. రేడియోకు మబ్బు అడ్డం కాదు, సిటీ లైట్లు అడ్డం కాదు, సెల్ సిగ్నలే అడ్డం, అందుకే జాగ ఊరికి దూరం చూడాలె. డిండి దిక్కు గుట్టల నడుమ అసొంటి జాగలు ఉన్నయి, నేను తిరిగి చూసిన, మీ ఆఫీసర్లు వస్తే దగ్గరుండి చూపిస్త.

కార్తీకంల ఒక రోజు మీరే రండి సార్. రాత్రి ఏడు గంటలకు పాలపుంత పైననే ఉంటది. హార్న్‌కు ఈసారి కొత్త ఫాయిల్ ఏసినం. ఆ ఆటో డ్రైవర్ బిడ్డనే మీకు చూపిస్తది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్, నల్లగొండ