జాగిలం పిల్లకు మా ఇంట్లో చోటుంది

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో నేర వార్తల పేజీ రోజూ చదువుతాను. ఎక్కడ దొంగతనం జరిగినా చివరి వాక్యం దాదాపు ఒకటే: 'క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్ వచ్చి ఆధారాలు సేకరించాయి.' కాస్త వివరంగా రాసిన రోజున, జాగిలం ఇంటి వెనక సందులోంచి మెయిన్ రోడ్డు దాకా వెళ్లి ఆగిపోయిందని ఉంటుంది. (దొంగ అక్కడ బండెక్కి ఉంటాడు, పాపం దాని తప్పేముంది!) ఆ జాగిలం పసితనంలో ఎవరి చేతుల్లో పెరిగిందో మాత్రం ఎవరూ రాయరు. నాకూ ఆ ఆలోచన వచ్చేది కాదు, పోయినేడు మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి దగ్గర ఐదు నెలలు ఉండి రాకపోతే.

వాళ్లుండేది నగరానికి ఉత్తరాన, క్రేగీబర్న్‌లో. కూరగాయల కొట్టుకు వెళ్తే నాలుగు మాటల్లో రెండు తెలుగువే వినపడతాయి. విక్టోరియా రాష్ట్ర పోలీసుల డాగ్ స్క్వాడ్ ఉండే అట్‌వుడ్ అక్కడికి దగ్గరే. అమ్మాయి వాళ్ల పక్కింట్లో ఓ జర్మన్ షెపర్డ్ పిల్ల తిరుగుతుంటే పెంపుడు కుక్క అనుకున్నాను. ఒకరోజు కంచె మీదుగా 'మీ కుక్కపిల్ల భలే ముద్దుగా ఉంది' అంటే, ఆ ఇంటి పెద్దావిడ నవ్వి 'మాది కాదండీ, పోలీసులది' అంది.

వాళ్ల పద్ధతి ఆవిడ చెబితేనే తెలిసింది. రెండు నెలల పిల్లను స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కుటుంబానికి అప్పగిస్తారు. ఏడాది వయసు దాటేదాకా అది వాళ్లింట్లోనే పెరుగుతుంది. తిండి, పశువైద్యుడి ఖర్చు పోలీసులవి. ఓపిక, సమయం ఇంటివాళ్లవి. జీతం లేదు. ఆ తర్వాత అసలు శిక్షణకు తీసుకెళ్తారు. ఆస్ట్రేలియా కస్టమ్స్ శాఖ (ఇప్పుడు బోర్డర్ ఫోర్స్) కూడా 1993 నుంచి లాబ్రడార్లను సొంతంగా పుట్టించి, ఇలాగే ఇళ్లల్లో పెంచిస్తోంది. నేను దిగిన రోజున విమానాశ్రయంలో ఓ కుక్క నా సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. మరిచిపోయి ఉంచేసిన కరివేపాకు రెబ్బలు బయటపడ్డాయి. మొరగలేదు, మీద పడలేదు. దానికి నేర్పింది అదే, కూర్చోవడం. నా పరువు పోయిందిగానీ దాని పనితనానికి మాత్రం దణ్ణం పెట్టాను.

ఇళ్లల్లో ఎందుకు? కుక్కపిల్లకు మూడో వారం నుంచి మూడు నెలలు నిండేదాకా, మహా అయితే ఇంకో రెండు వారాలు, లోకాన్ని నమ్మడం అలవడే వయసు. ఆ రోజుల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, తొక్కిన నేల దానికి మామూలైపోతాయి. చూడనివి పెద్దయ్యాక కూడా బెదిరిస్తాయి. నాలుగు గోడల మధ్య పెరిగిన కుక్క వాసన పట్టడంలో ఎంత ఘటికురాలైనా నున్నటి గచ్చు మీద కాలు జారితే అక్కడే బిగుసుకుపోవచ్చు, మెట్లు చూసి వెనకడుగు వేయొచ్చు. పక్కింటావిడ దాన్ని రోజుకో చోటికి తిప్పేది. ఒకరోజు రైలు ప్లాట్‌ఫారం, ఒకరోజు లిఫ్టు, ఒకరోజు పిల్లలు బడి వదిలే వేళకు గేటు దగ్గర.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఆ పిల్ల పాత గుడ్డ పీలిక నోట కరిచి లాగుతుంటే ఆవిడ వద్దనేది కాదు, ఇంకా ఉసిగొల్పేది. చాలాసేపు పెనుగులాడి చివరికి దాన్నే గెలవనిచ్చేది. మన ఇళ్లల్లో అయితే 'ఛీ, వదులు' అని చేతిలో ఉన్నది విసురుతాం. ఆవిడ చెప్పిన కారణం విన్నాక ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నేను సిగ్గుపడ్డాను. పెద్దయ్యాక ఆ కుక్క మందుగుండునో గంజాయినో వెతికేది జీతం కోసం కాదు, చివర్లో దొరికే ఆ ఆటవస్తువు కోసం. పట్టు వదలని ఆ గుణాన్ని పసితనంలోనే గద్దించి చంపేస్తే తర్వాత ఏ శిక్షకుడూ తిరిగి తేలేడు.

ఇక మన సంగతి. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్‌లో ఉన్న పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రానికి మంచి పేరుంది. మద్యం జాడ తీసే కుక్కల కోసం బిహార్ పోలీసులు సైతం అక్కడికే వచ్చారు. కుక్క, దాన్ని నడిపించే పోలీసు (హ్యాండ్లర్) జంటగా శిక్షణ పొంది, జంటగా బయటికి వెళ్తారు. ఆ అనుబంధాన్ని తక్కువ చేయను. నా మనవి ఒక్కటే: శిక్షణ మొదలయ్యే ముందు ఉన్న ఆ కొద్ది నెలలైనా పిల్లను ఓ ఇంట్లో ఉంచండి. హ్యాండ్లర్ వారం వారం వచ్చి దానితో గంటసేపు ఆడి వెళ్తే రెండు పద్ధతుల్లోని మంచీ కలిసొస్తుంది. బోనాల డప్పులు, దీపావళి టపాసులు, ఆటో హారన్లు, గ్రానైట్ నేల, కుక్కర్ విజిల్: మన జాగిలం రేపు పనిచేయాల్సింది ఈ గోలలోనే కదా.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మన వీధుల్లో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో జబ్బు భయం ఉంది. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను నేల మీద నడిపించకుండా ఒళ్లో పెట్టుకునో, స్కూటర్ మీద బుట్టలోనో తిప్పవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘాలు ఊరుకోవంటారు. పెంపుడు జంతువుల మీద సంఘాలు నిషేధం పెట్టడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అయినా గొడవ దేనికి, ఆవరణ ఉన్న ఇళ్లతోనే మొదలుపెట్టొచ్చు. అసలు భయం నాకు వేరే ఉంది, మన ముద్దు. పెరుగన్నం, బిస్కెట్లు, పండక్కి బొబ్బట్టు పెట్టి ఆ పిల్లను పాడుచేస్తాం. కాబట్టి నియమాలు రాతపూర్వకంగా ఉండాలి. పాటించని ఇంటి నుంచి పిల్లను మొహమాటం లేకుండా వెనక్కి తీసుకోవాలి.

అన్నాళ్లు పెంచి ఎలా ఇచ్చేస్తారని అడిగితే పక్కింటావిడ సమాధానం చెప్పలేదు. నేనున్నప్పుడే దాన్ని తీసుకెళ్లారు. వ్యాను వచ్చిన రోజు ఆవిడ సాయంత్రం దాకా బయటికి రాలేదు. శిక్షణకు పనికిరాని కుక్కలను మళ్లీ ఇళ్లకే ఇస్తారట, అడగడంలో పెంచినవాళ్లదే మొదటి వంతట. 'మాది మాత్రం నెగ్గుతుంది' అంది మర్నాడు కళ్లు తుడుచుకుంటూ. నేను తిరుగు ప్రయాణమయ్యే వారంలో ఆ ఇంట్లో ఇంకో పిల్ల మొరుగుతోంది.

రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖలూ పెద్ద పథకమేమీ ప్రకటించనక్కర్లేదు. పది పిల్లలతో చూడమనండి. పోలీసు క్వార్టర్లలోని కుటుంబాలను, రిటైరైన పోలీసులను ముందు అడగండి. పగలంతా ఇంట్లో ఉండి, ఉదయం సాయంత్రం ఎలాగూ నడకకు వెళ్లే నా ఈడు వాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. హనుమకొండలో మా ఇంటికి నాలుగు వైపులా ప్రహరీ ఉంది. గేటు కింద జానెడు సందు ఉండేది, పోయిన వారమే ఇనుప పట్టీ వేయించాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
హనుమకొండ