వార్షిక నివేదిక 2024–25: గుజ్జు దిమ్మలు, మన చేతిపుస్తకం

సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్న నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

క్రోధి నామ సంవత్సరం పేరు నిలబెట్టుకుంది. 2024 ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టుకునే నాటికే బెంగళూరు కృష్ణరాజపురం చుట్టుపక్కల బోర్లు నోళ్ళు తెరిచేశాయి. పచ్చడి గిన్నెలు కడగడానికి కూడా ట్యాంకరు కోసం ఎదురుచూశాం. సరిగ్గా అలాంటి ఏడాదిలో, కడివెడు నీళ్ళు తాగే పని ఒకటి నెత్తికెత్తుకున్నాం. దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావాళ్ళు మన్నించాలి.

ముందు తక్కిన పనులు. పిల్లల తెలుగు తరగతులు శనివారాలు ఆగకుండా నడిచాయి. ఆగస్టు 15న రక్తదాన శిబిరం జరిగింది. కార్తీక వనభోజనం వానకు రెండుసార్లు వాయిదా పడి, చివరికి మేడమీద షామియానా కింద పులిహోరతో అయిందనిపించాం. వండిన అక్కచెల్లెళ్ళకు కృతజ్ఞతలు. గిన్నెలు తోమేదాకా ఉన్న ఇద్దరికి రెండింతలు.

ఇక చేతిపుస్తకం. పాత కాగితంతో కట్టుబడి మీద, మేస్త్రీలతో కలిసి, తెలుగులో పుస్తకం తేవాలని పోయిన సమావేశంలో తీర్మానించాం. ఎందుకన్నది అప్పుడే అరగంట మాట్లాడుకున్నాం కాబట్టి మళ్ళీ ఎత్తను. ఆ రోజు పైకి లేచిన చేతులు నలభై. గుజ్జులో మునిగిన చేతులు ఆరు. పేర్లు ఇక్కడ వేయొద్దని వాళ్ళే అన్నారు, సభలో చదువుతాను. మిగిలిన ముప్ఫైనాలుగు పేర్లు చదవను.

పేపర్‌క్రీట్, అంటే కాగితం గుజ్జుతో చేసే కాంక్రీటు, నిన్నమొన్నటిది కాదు. 1928లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో న్యూమెక్సికో వైపు ఎరిక్ ప్యాటర్సన్, మైక్ మెకెయిన్ అనే ఇద్దరు ఎవరి దారిన వాళ్ళు మళ్ళీ పట్టుకున్నారు. కాగితం నానబెట్టి, గుజ్జు చేసి, సిమెంటు, ఇసుక కలిపి అచ్చుపోయడం, అంతే పని. చిక్కేమిటంటే అది ఎడారి గాలికి పుట్టిన విద్య. అక్కడ పోసింది పోసినట్టు ఎండుతుంది. మన ఊళ్ళో మే నెల మబ్బులు మొదలు నవంబరు ముసురు దాకా ఎప్పుడు ఏది తడుస్తుందో చెప్పలేం. అక్కడి పాళ్ళు తెచ్చి తెలుగులో దించేస్తే చాలదని మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

ఆ పాళ్ళు దించడంలోనూ బోల్తా పడ్డాం. అక్కడ తరచూ చెప్పే లెక్క ఇదీ: 160 గాలన్ల నీళ్ళు, 60 పౌన్ల కాగితం, 94 పౌన్ల సిమెంటు సంచి ఒకటి, 65 పౌన్ల ఇసుక. మన కుర్రాళ్ళు నీళ్ళను 727 లీటర్లని రాశారు. బ్రిటిష్ గాలను నాలుగున్నర లీటర్లకు కాస్త పైన, అమెరికా గాలను 3.78 మాత్రమే. అసలు లెక్క 605. ట్యాంకరు కొనుక్కునే చోట 120 లీటర్ల తేడా అంటే చిన్న మాట కాదు. సిమెంటూ అంతే. వాళ్ళ సంచి 42.6 కిలోలు, మన సంచి 50. ఈ రెండు తప్పులూ పట్టింది మనలోని ఇంజనీర్లు కాదు, కోశాధికారి గారు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన కన్ను అది.

చివరికి అందులో ఆరో వంతు తీసుకున్నాం. 200 లీటర్ల డ్రమ్ములో నూరు లీటర్ల నీళ్ళు, నాలుగున్నర కిలోల కాగితం, ఏడు కిలోల సిమెంటు, ఐదు కిలోల ఎం-శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక). గుజ్జు వడిసిన నీళ్ళు పారబోయకుండా పట్టి మళ్ళీ అదే డ్రమ్ములో వాడాం. ఇక్కడొక హెచ్చరిక పుస్తకంలో పెద్దక్షరాల్లో వేయించాం: ఆ నీళ్ళలో సిమెంటు క్షారం ఉంటుంది, వట్టి చేతులు పెడితే తోలు ఊడుతుంది. నా కుడిచేతి వేళ్ళు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

గుజ్జు తిప్పే యంత్రం కథ ఇంకోటి. మొదట ఒక సభ్యురాలు పాత పిండి గ్రైండరు ఇచ్చారు. రెండో వాయికే మోటారు కాలింది, ఆమెకు సంఘం క్షమాపణ చెప్పుకుంటోంది. అమెరికావాళ్ళు కారు వెనక ఇరుసు మీద తొట్టి బిగించి, లోపల బ్లేడు పెట్టి, ట్రక్కుకు కట్టి ఈడ్చుకెళ్తారు. చక్రాలు తిరిగితే ఇరుసులోని పళ్ళచక్రాల ద్వారా బ్లేడు తిరుగుతుంది. ఇంకొక సభ్యుడు ఉత్సాహంగా తన మారుతి 800 ఇరుసు ఇస్తానన్నారు. మెకానిక్ నవ్వాడు: "సార్, దానికి ఇంజను లాగేది ముందు చక్రాల్నే. వెనక వట్టి చక్రాలే. అంబాసిడరైతే చెప్పండి." గుజరీలో అంబాసిడర్ ఇరుసు బేరం మన జేబుకు అందలేదు. ఆఖరుకు రంగులు కలిపే కడ్డీ బిగించిన డ్రిల్లుతోనే లాగించాం. కాగితం రెండు రోజులు నానితే అది చాలు.

కాగితం సంగతి చెప్పాలంటే, న్యూస్‌పేపరు అంత మంచిది లేదు. కోడిగుడ్ల అట్టలు ఇంకా సులువు. నిగనిగలాడే పత్రికలు నానడానికి మొరాయిస్తాయి. ప్లాస్టిక్ పూత వేసిన పెళ్ళికార్డులు, కాఫీ కప్పులు పనికిరావు, వచ్చిన మూటల్లో సగం మాత్రం అవే. మంచి న్యూస్‌పేపరంతా పాత పేపర్ల కొట్టుకు పోయి, మనకు కార్డులు మిగిలాయన్నమాట. తప్పు పట్టను. కిలోకు డబ్బులొస్తుంటే సంఘానికి ఊరికే ఎవరిస్తారు?

పుస్తకంలో అసలు కష్టం మాటల దగ్గర వచ్చింది. మేస్త్రీలు ముగ్గురు మూడు వైపుల వాళ్ళు. అనంతపురం ఆయన తనది బేల్దారి పనంటాడు. పాలమూరు ఆయన సుతారి అంటాడు. గోదావరి ఆయన తాపీ పనంటాడు. ఎవరి మాట ముందు వేయాలని రెండు ఆదివారాలు గడిచాయి. మూడూ వేశాం, ఎవరూ అలగలేదు. కొలతల దగ్గర మళ్ళీ పేచీ. వాళ్ళు తట్టల్లో చెబుతారు, ఇంజనీర్లు కిలోల్లో రాస్తారు. తట్ట తెచ్చి, తడి గుజ్జుతో ఒకసారి, పొడి ఇసుకతో ఒకసారి తూచి పట్టిక వేశాకే పని ముందుకు కదిలింది. మేస్త్రీలు చెప్పింది ఫోన్లలో రికార్డు చేసి, మన తరగతి పిల్లలే టైపు చేశారు. పిల్లల తెలుగుకు ఇంతకంటే మంచి పాఠం నాకు తోచలేదు.

పేరు పెట్టింది అనంతపురం మేస్త్రీ. మేమంతా 'గుజ్జు ఇటుక' అని రాసుకుంటుంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇటికంటే కాల్చాల. కాల్చనిది ఇటికెట్లయితాది సార్?" అని ఒకటే పట్టు. నిజమే మరి. ఇదే ఊళ్ళో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి గారు మొదలుపెట్టిన 'అస్త్ర' కేంద్రం వాళ్ళు మట్టిలో కాస్త సిమెంటు కలిపి, కాల్చకుండా, చేతి మిషనుతో నొక్కి దిమ్మలు చేసి చూపించారు. ఆ వరసలోనే మనదీ దిమ్మ అయింది.

ఒక సభ్యుని తల్లిగారు, ఎనభై దాటినావిడ, డ్రమ్ములోకి తొంగిచూసి, "దీనికింత హడావిడా? మేం చేటలకు అలికింది ఇదేగా" అన్నారు. కాగితం నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, గంపలకూ చేటలకూ పూసేవాళ్ళు, పురుగు పట్టదని. ఆ మాట పుస్తకంలో ఆవిడ చెప్పినట్టే చేర్చాం. గోడకు మెంతులు కలపమని మాత్రం రాయలేదు.

అక్టోబరు మాకు బుద్ధి చెప్పింది. అచ్చు తీసిన దిమ్మలు తడవకూడదని టార్పాలిన్ కప్పి ఇంటికి పోయాం. వారం తర్వాత తీస్తే ముక్కు మూసుకోవాల్సిన వాసన, దిమ్మల మీద బూడిదరంగు బూజు. తడి బయటికి పోయే దారి లేకుండా బిగించింది మేమే. పైన రేకు, నాలుగు వైపులా గాలి, కింద చెక్క పట్టీలు, రోజు మార్చి రోజు తిప్పడం: ఆ పేజీ మొత్తం ఆ వాసనలోంచి పుట్టింది.

ఆ నెల 22న మన ఊళ్ళోని బాబూసాపాళ్యలో కడుతున్న భవనం కూలి పనివాళ్ళు చనిపోయారు. మన మేస్త్రీలకు ఆ పక్క పరిచయాలున్నాయి. ఆ తర్వాతి ఆదివారం ముగ్గురూ ఒకే మాట మీద వచ్చారు. పుస్తకం మొదటి పేజీలో పాళ్ళు కాదు, 'ఈ దిమ్మ బరువు మోయదు' అన్నది ఉండాలి, లేకపోతే తమ పేర్లు తీసేయమన్నారు. అప్పటిదాకా నేను ఆ సంగతి చివరి అధ్యాయంలో పెట్టాను. ఒప్పుకుంటున్నాను, అది నా తప్పు. ఇప్పుడు మొదటి పేజీలో ఉంది: స్లాబు కింద వద్దు, పునాదిలో వద్దు, బాత్రూము గోడకు వద్దు, నేలను తాకేలా వద్దు. స్టీలు గొట్టాల చట్రం మధ్య పూరించడానికి, లోపలి అడ్డుగోడకు సరే.

పరీక్షలు మనకు చేతనైనంత చేశాం. తొమ్మిదంగుళాల అచ్చులో పోసింది ఎండేసరికి ఎనిమిదిన్నరకు వచ్చింది. తడిగా రెండు కిలోలకు పైన ఉన్నది ఎండాక కిలో లోపే. ఎర్ర ఇటుక రోజంతా నీళ్ళలో ఉన్నా తన బరువులో ఐదో వంతుకు మించి తాగకూడదని ఇటుకల భారత ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది. మన దిమ్మ తన బరువుకంటే ఎక్కువే తాగేసింది. బరువు పెడితే ఇటుకలా పగలదు, మెల్లగా కుంగుతుంది, అది ఇంకా మోసం. నిప్పు పరీక్ష బాగానే అయిందనుకున్నాం. బ్లో ల్యాంపు పెడితే మంట అంటుకోలేదు, పైన నల్లబడిందంతే. చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయాం. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో అటు వెళ్తే దిమ్మ నడుములోంచి సన్నగా పొగ. రాత్రంతా లోపల కుంపటిలా రాజుకుంటూనే ఉంది. సిమెంటు తగ్గించి పోసిన దిమ్మ అది. అందుకే సిమెంటు పాలు తగ్గించవద్దు, రెండు వైపులా పూత తప్పనిసరి అని రాశాం.

ల్యాబు నివేదిక జతచేస్తానని పోయినసారి మాటిచ్చాను. జతచేయలేకపోయాను. ఒక కళాశాల వారు లేఖ అడిగారు, ఇచ్చాం. లెటర్‌హెడ్ మీద అడిగారు, ఇచ్చాం. అధ్యక్షుల సంతకంతో అడిగారు, అదీ ఇచ్చాం. దిమ్మలు వాళ్ళ వరండాలో ఏడు నెలలు ఉన్నాయి. తిరిగి తెచ్చుకునేసరికి ఒకదాని మీద ఎవరో టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు. పార్కు మూలలో నమూనా గది కట్టడానికి అనుమతి అడిగిన కార్యాలయం సంగతీ అంతే, ఈ టేబులు నుంచి ఆ టేబులుకు. ఫైలు ఇంకా నడుస్తూనే ఉందట, మనమే ఆగిపోయాం.

కట్టిన గది మాత్రం కళ్ళముందుంది. మన సంఘం ఇంటి వాకిట్లో కాపలాదారు గది రేకులదన్న సంగతి మీకు తెలుసు, వేసవిలో పెనం. ఆయన ఒప్పుకుంటే దాన్నే విప్పి కడదామన్నాం. కింద రెండు వరసలు సిమెంటు దిమ్మలు, పైన చదరపు గొట్టాల చట్రం, మధ్యలో మన గుజ్జు దిమ్మలు, అదే గుజ్జు మాలు, లోపలా బయటా సిమెంటు పూత, చుట్టూ అడుగున్నర చూరు. మేస్త్రీలు ముగ్గురూ కూలి తీసుకోకుండా నాలుగు ఆదివారాలు చేశారు. సంక్రాంతి తర్వాతి ఆదివారం గృహప్రవేశం, పుస్తకావిష్కరణ ఒకేసారి. పాలు పొంగించింది కాపలాదారు భార్య. పుస్తకం ఆవిష్కరించింది మంత్రులూ కాదు, నటులూ కాదు, ఆ ముగ్గురు మేస్త్రీలే. మొదటి ప్రతి మీద ఒకాయన వేలిముద్ర వేశారు. ఆ ప్రతి సంఘం బీరువాలో ఉంది.

గది ఎలా ఉందని అడిగితే కాపలాదారు మాటల్లో చెప్పలేదు. క్యాలెండరు తగిలించడానికి మేకు పెట్టి, కాలి చెప్పు తీసి రెండు దెబ్బలు కొట్టాడు. దిగిపోయింది. దేవుడి పటం మేకుకు మాత్రం లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చుకున్నాడు. లారీల హారను ఇప్పుడు దూరం నుంచి వస్తున్నట్టుందట. మధ్యాహ్నం గదిలోనే భోంచేస్తున్నాడు, అదివరకు చెట్టు కింద.

మొదటి వానాకాలం ఇంకా దాటలేదు కాబట్టి నేనేమీ గొప్పలు పోను. చూరు కింద ఒకచోట పూత సన్నగా బీటవారింది, గమనిస్తున్నాం.

పుస్తకం 64 పేజీలు. మేస్త్రీలకు ఉచితం, సభ్యులకు 50 రూపాయలు. ఉత్తర కర్ణాటక నుంచి వచ్చిన పనివాళ్ళు కన్నడంలో అడుగుతున్నారు, అనువదించగలిగినవాళ్ళు ముందుకు రావాలి. చేయి ఎత్తితే చాలదు, ఆదివారం రావాలి.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో ఆఖరి పేజీలో ఉన్నాయి. అచ్చు ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, సిమెంటు తగ్గింది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి, గాలన్లలో తప్ప ఎందులోనైనా చెబుతారు.

స్థలమిచ్చి, ఆరు నెలలు ఇంటి ముందు బురద భరించిన ఉపాధ్యక్షుల కుటుంబానికి, అచ్చులు చేసిచ్చిన వడ్రంగికి, బొమ్మలు గీసిన అమ్మాయికి, ఆదివారాలు ఉప్మా పంపిన ఇళ్ళవారికి, గుజ్జు ఎండిన బట్టలు నెలల తరబడి ఉతికిన మా ఇంటివారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

చందా బకాయిలు ఈ సమావేశం లోపు కట్టగలరు. డిసెంబరులో డ్రిల్లు, కలిపే కడ్డీ తీసుకెళ్ళిన సభ్యులు దయచేసి తిరిగివ్వాలి. కడ్డీకి గుజ్జు అంటుకుని ఉంటే పరవాలేదు, మేం గీకుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి