యువజన విభాగం ఏడాది పని: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ అస్సలాము అలైకుం, నమస్కారం.

రంజాన్ రేషన్ కిట్లు, కంటి పరీక్షల శిబిరం, పదో తరగతి పిల్లలకు నోటుపుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు ఆఫీసు బోర్డుకు అంటించాం, చూసుకోగలరు. ఈసారి చెప్పుకోవాల్సింది ఆదివారాల్లో అసర్ (సాయంత్రపు) నమాజు తర్వాత పిల్లలకు పెట్టిన తరగతి గురించి.

పెట్టింది ఫోన్లలో తిరిగే పుకార్లు, కామెంట్ల బాధ పడలేకే. ఏడాదంతా ఖుర్ఆన్‌లోని 49వ సూరా (అధ్యాయం) అల్ హుజురాత్ ఒక్కటే చదివాం. ఉన్నవి 18 ఆయతులే (వాక్యాలే). ఎవరైనా వార్త తెస్తే ముందు నిజమో కాదో విచారించుకోమనే ఆరో ఆయతు దగ్గరే నెల గడిచింది. ఎగతాళి, మారుపేర్లు వద్దనే 11వ ఆయతుకు క్రికెట్ మ్యాచ్ రోజు కామెంట్లు పెట్టినవాళ్లు తలలు దించుకున్నారు. గీబత్, అంటే వెనకాల చెడుగా మాట్లాడుకోవడం, కూడదనే 12వ ఆయతు వచ్చేసరికి మాత్రం అందరూ మా పెద్దల వంక చూశారు! మనుషుల్ని జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని 13వది చదివాక, వీధిలోని హిందూ, క్రైస్తవ స్నేహితుల్నీ పిలుస్తామని పిల్లలే అడిగారు. పిలిచారు, వచ్చారు.

మొహర్రంలో, మొక్కుల రొట్టెలు మార్చుకునే మన నెల్లూరు రొట్టెల పండుగ రెండో రాత్రి స్వర్ణాల చెరువు దగ్గర తొక్కిసలాట అంటూ ఒక వీడియో తిరిగింది. వీధి గ్రూపులో పెట్టింది నేనే, దాచేదేం లేదు. ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె వీడియోను ఆపి ఆపి చూసి, వెనక దుకాణం బోర్డు మీద అక్షరాలు తెలుగు కావని పట్టేసింది. బారా షహీద్ దర్గా దగ్గర బొరుగులు అమ్ముకునే వాళ్ల మామూకు ఫోన్ చేసింది. "తొక్కిసలాట ఏంది బేటీ, ఆడోళ్లు చదువు రొట్టె, పెళ్లి రొట్టె అంటూ నీళ్లల్లో నిలబడి మార్చుకుంటా ఉండారు" అన్నాడాయన. ఆ మాట, ఆయన పంపిన ఫోటో గ్రూపులో పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలన్న హదీసు (ప్రవక్త మాట) మాత్రం కింద రాసింది.

గ్రూపు అడ్మిన్‌గా ఆ అమ్మాయినే పెట్టాం. ఆడపిల్లకెందుకని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు, సమావేశం రాత్రి పదిన్నర దాకా సాగింది. వారిలో ఒకరు ఇప్పటికీ అలిగే ఉన్నారు.

చూసుకోకుండా ఫార్వర్డ్ చేసినవాళ్లు వచ్చే ఆదివారం అందరికీ టీ ఇప్పించాలని పిల్లలు రూలు పెట్టారు. ఇప్పటికి నేను రెండుసార్లు, కోశాధికారి గారు ఒకసారి ఇప్పించాం. ఆ డబ్బు జమాఖర్చుల్లో చూపలేదు.

ఇట్లు,
కార్యదర్శి, నెల్లూరు