పావురాల గింజలు

ఒరేయ్ సూరీ,

నీ రెండుత్తరాలకీ జవాబివ్వలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. పిల్ల పరీక్షలు అయిపోయాయి, అమ్మ మోకాలు అలాగే ఉంది, నేను కాస్త లావయ్యాను. ఇక అసలు సంగతి విను.

పేగు క్యాన్సర్ ఆపరేషనై రెండేళ్లు నిండబోతున్నాయి కదా. మూణ్ణెల్లకోసారి సీఈఏ పరీక్షకి రక్తం ఇస్తున్నాను, అదే, ఇలాంటి కణితులు రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్. ఎప్పుడూ రెండు, రెండున్నర. ఈసారి కాగితం మీద 6.1, పక్కనే నల్లటి చుక్క గుర్తు. ఐదు దాటకూడదురా! ల్యాబు మెట్ల మీదే కూలబడ్డాను. మళ్లీ మొదలైంది, ఈసారి లివర్‌కే అని... ఆ రాత్రి గురించి రాయను.

డాక్టరుగారు మాత్రం తాపీగా, "ఒక్క అంకెతో ఏం తేలదు. వరసగా పెరుగుతూ పోతే అప్పుడు అనుమానించాలి. స్కాన్ తీయిద్దాం, నెలాగి అదే ల్యాబులో మళ్లీ చేయిద్దాం" అన్నారు. ఆ తర్వాత పెన్ను మూత పెడుతూ, "సిగరెట్లు తాగుతారా?" అన్నారు.

పక్కనే మా ఆవిడ! "ఎప్పుడో మానేశానండీ" అన్నాను. నవ్వకు.

"ఏం లేదు, పొగతాగేవాళ్లలో సీఈఏ కొంచెం ఎక్కువే ఉంటుంది" అన్నారాయన.

మా ఆవిడ నెమ్మదిగా నావైపు తిరిగింది. "పావురాలకి గింజలని రోజూ మేడెక్కుతారు. డబ్బా చూస్తే నిండుగానే ఉంటుందేమండీ?"

డాక్టరుగారు దగ్గు నటించారు. నేను నేలకేసి చూశాను. నీ వల్లేరా, ఆ పావురాల అబద్ధం నేర్పింది నువ్వే!

స్కాన్‌లో ఏమీ లేదు. నెల్లాళ్లు మానేశాక 4.2. సిగరెట్టే కారణమని ఆయన ఖాయంగా చెప్పలేదు. కొన్ని కణితులు అసలు సీఈఏని వదలవట కూడా, అందుకే అంకె బాగున్నా స్కాన్లు, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ తప్పవట. ఇదెక్కడి న్యాయంరా, పెరిగితే భయం, పెరక్కపోయినా నమ్మకం లేదు.

రక్తంలో కణితి డీఎన్ఏ ముక్కలు వెతికే పరీక్ష గురించీ అడిగాను. ఆ ముక్కలు గంటా రెండు గంటల్లో సగానికి పడిపోతాయట, కాబట్టి ఇవాళ దొరికాయంటే వాటిని వదిలేది ఒంట్లో ఇంకా ఉన్నట్టే. రెండో దశ పెద్దపేగు క్యాన్సర్ వాళ్లకి ఆ పరీక్షను బట్టే కీమో ఇచ్చి చూశారట, 2022లో ఫలితాలొచ్చాయి. మామూలుగా అయితే 28 శాతం మందికి కీమో పడింది, ఇలా చేస్తే 15 శాతానికే. అయినా తిరగబెట్టడం పెరగలేదు. నాదీ రెండో దశే కదా. నాకప్పుడే ఆ పరీక్ష ఉండుంటే ఆ ఆర్నెల్ల కీమో... పోనీలే.

అన్నట్టు ఇది మేడ మీదే కూచుని రాస్తున్నా. ఒట్టు, చేతిలో గింజలే. మెట్ల మీద అడుగుల చప్పుడు, వాసన చూడ్డానికే వస్తోంది. ఉంటా