ప్రతినిధి డైరెక్టర్ మార్పు నమోదులో మీ సహాయ విభాగం చూపిన నిర్లక్ష్యంపై ఫిర్యాదు

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

మా కంపెనీ ప్రతినిధి డైరెక్టర్ (కంపెనీ తరఫున వ్యవహరించే అధికారం గల డైరెక్టర్) మార్పును నేనే స్వయంగా హోముక్యోకులో (జపాన్‌లో కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) నమోదు చేయించుకోవడానికి మీ సంస్థ అమ్మే పత్రాల సేవను కొనుక్కున్నాను. ఆ సమయంలో మీ సహాయ విభాగం నన్ను ఎలా వదిలేసిందో మీకు నేరుగా తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను. జపాన్‌లో కంపెనీ నడిపే తెలుగువారికి తెలుగులోనే సాయం చేస్తామని మీ ప్రకటనల్లో మీరే హామీ ఇచ్చారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఆ హామీని నమ్మే కంపెనీ పెట్టిన రోజున నిబంధనావళి మీ సేవతో తయారు చేసుకున్నాం. తరువాత ప్రధాన కార్యాలయం చిరునామా మారినప్పుడూ, డైరెక్టర్ల పదవీకాలం ముగిసి తిరిగి ఎన్నుకున్నప్పుడూ మీ దగ్గరికే వచ్చాం. టోక్యోలోని నిషికసాయ్‌లో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన మన వాళ్లు ఎవరిని సంప్రదించాలని అడిగిన ప్రతిసారీ మీ పేరే చెప్పాను. ఆ మాట ఇకముందు చెప్పగలనో లేదో మీ జవాబును బట్టి ఉంటుంది.

మాది డైరెక్టర్ల బోర్డు లేని చిన్న కబుషికి గైషా (వాటాల కంపెనీ). మాతో కలిసి కంపెనీ పెట్టిన మిత్రుడు కుటుంబ కారణాల వల్ల హైదరాబాద్‌కు తిరిగి వెళ్లిపోతూ ప్రతినిధి పదవికీ, డైరెక్టర్ పదవికీ రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి నేను వచ్చాను. జపాన్ కంపెనీల చట్టం ప్రకారం మార్పు జరిగిన నాటి నుంచి 2 వారాల లోపు నమోదుకు దరఖాస్తు చేయాలి. ఆలస్యమైతే కోర్టు 10 లక్షల యెన్‌ల దాకా జరిమానా వేయవచ్చు, దాన్ని కంపెనీ ఖాతాలోంచి కాక ప్రతినిధి తన జేబులోంచి కట్టాలి. మూలధనం 10 కోట్ల యెన్‌లు మించని కంపెనీకి నమోదు పన్ను 10,000 యెన్‌లు మాత్రమే. షిహోషోషికి (ఇలాంటి నమోదు పనులు చేసే లైసెన్సు గల నిపుణుడికి) ఇచ్చే రుసుము దానికి ఎన్నో రెట్లు కాబట్టి మాలాంటి వాళ్లు సొంతంగా దరఖాస్తు చేసుకుంటారు. చట్టం దానికి అనుమతిస్తుంది, మీ వ్యాపారమంతా ఆ అనుమతి మీదే నడుస్తోంది. గడువు మొదలైన వాళ్లే మీ దగ్గరికి వస్తారని మీకు తెలుసు. అలాంటి వాళ్లకు జవాబు ఇవ్వకపోవడం ఎంత నష్టమో కూడా మీకు తెలిసి ఉండాలి.

దరఖాస్తు పెట్టకముందే మీ చాట్‌లో ఒక ప్రశ్న అడిగాను. ప్రతినిధి డైరెక్టర్ ఇంటి చిరునామా కంపెనీ రిజిస్టరులో పూర్తిగా నమోదవుతుంది, రుసుము కట్టిన ఎవరైనా ఆ ధ్రువపత్రం తీసుకుని చదువుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి చిరునామాలో కొంత భాగం కనిపించకుండా ఉంచమని కోరే వీలు వచ్చింది. అయితే ఆ కోరికను ప్రతినిధి నియామకం వంటి నమోదు దరఖాస్తుతో పాటే పెట్టాలి, విడిగా ఎప్పుడంటే అప్పుడు పెట్టడానికి లేదు. నాకు ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, ఆ వీలు నాకు కావాలి, మీ పత్రాల్లో దానికి నమూనా ఉందా అని మాత్రమే అడిగాను. చాట్‌లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా, "ఇది టోక్యో బృందం చూడాలి సర్, వాళ్లే మీకు ఫోన్ చేస్తారు" అన్నారు. ఫోన్ రాలేదు. మళ్లీ అడిగితే ఇంకొకరు వచ్చి, ముందు రాసినదంతా తమకు కనిపించడం లేదనీ, మొదటి నుంచి వివరించమనీ అన్నారు. వివరించాను. అక్కడా అదే జవాబు వచ్చింది. గడువు దగ్గర పడుతుండటంతో ఆ కోరిక లేకుండానే దరఖాస్తు ఇవ్వాల్సి వచ్చింది.

రెండో సమస్య ఆ తరువాత వచ్చింది. హోముక్యోకులో ముద్ర (జపాన్‌లో సంతకానికి బదులు వేసేది) నమోదై ఉన్న ప్రతినిధి రాజీనామా చేసినప్పుడు ఆయన రాజీనామా పత్రం మీద కంపెనీ నమోదు ముద్ర అయినా ఉండాలి, లేదా ఆయన సొంత నమోదు ముద్ర, దానితో పాటు వార్డ్ ఆఫీసు ఇచ్చిన ముద్ర ధ్రువపత్రం అయినా ఉండాలి. 2015 నుంచి ఇదే నియమం. మీ నమూనాలో ముద్ర కోసం ఒక ఖాళీ వృత్తం ఉంది, కింద "సాధారణ హాంకో సరిపోతుంది" అని ఉంది, అంటే నమోదు చేయని మామూలు ముద్ర చాలని. మా మిత్రుడు అలాగే చేసి విమానం ఎక్కారు. జపాన్ వదిలి వెళ్తున్నట్టు వార్డ్ ఆఫీసులో తెలియజేసిన వ్యక్తి ముద్ర నమోదు రద్దవుతుంది, కాబట్టి ఇక ఆయన పేరిట ధ్రువపత్రం పుట్టే దారి లేదు. హోముక్యోకు అధికారి నాకు ఫోన్ చేసి, దరఖాస్తులో సవరణ అవసరమని ఓపికగా వివరించారు.

మీ నమూనాలో లోపం ఉండటం నా ప్రధాన ఫిర్యాదు కాదు. లోపాలు ఎవరి పనిలోనైనా ఉంటాయి. ఆ లోపాన్ని మీకు చెప్పడానికి నేను పడిన పాట్లే నా ఫిర్యాదు.

మీ హైదరాబాద్ నంబరుకు చేశాను. అక్కడ ఉదయం 10 గంటలంటే ఇక్కడ మధ్యాహ్నం ఒంటి గంటన్నర. అప్పటికి హోముక్యోకులో సగం రోజు గడిచిపోతుంది. ఫోన్ తీసిన అబ్బాయి నేను సగం చెప్పకముందే, ఒక్కొక్కరి నమోదు మీద సలహా ఇవ్వడం చట్టరీత్యా తమకు కుదరదనీ, షిహోషోషిని కలవమనీ అన్నారు. షిహోషోషి, లాయరు కాని వాళ్లు ఆ పని వృత్తిగా చేయకూడదన్న చట్టాన్ని నేను గౌరవిస్తాను. కానీ నేను సలహా అడగలేదు. మీరు అమ్మిన పత్రంలో ఆ వాక్యం ఎందుకు ఉంది, సరిచేసిన పత్రం ఇస్తారా అని అడిగాను. సరుకు గురించి అడిగిన ప్రశ్నకు చట్టం వెనక దాక్కోవడం న్యాయం కాదని చెబితే, పై అధికారికి కలుపుతానని లైనులో ఉంచారు. సంగీతం ఆగిన తరువాత లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే, పత్రాల నమూనాలు టోక్యో కార్యాలయం తయారు చేస్తుందని చెప్పారు. టోక్యో కార్యాలయానికి చేస్తే, వినియోగదారుల విషయాలు పూర్తిగా హైదరాబాద్ చూస్తుందని చెప్పారు. ఒక ఉద్యోగి అయితే, నేను కట్టిన ప్యాకేజీలో ఫోన్ సహాయం లేదనీ, పై ప్యాకేజీకి మారితే పరిశీలిస్తామనీ అన్నారు. మీ తప్పును మీకు చెప్పడానికి నేను అదనంగా డబ్బు కట్టాలా?

ఈమెయిల్ కూడా పంపాను. హోముక్యోకు చెప్పినదీ, మీ నమూనాలోని వాక్యం ఉన్న పేజీ ఫోటో, అన్నీ జతచేశాను. వెంటనే వచ్చిన జవాబు యంత్రం పంపినది. ఆ తరువాత మనిషి రాసినట్టు కనిపించిన జవాబులో "మీ ముద్ర స్పష్టంగా పడిందో లేదో చూసుకోండి" అని ఉంది. నేను పంపిన పేజీని ఎవరూ తెరిచి చూడలేదని దాంతో అర్థమైంది. దానికి వివరంగా బదులు రాస్తే మౌనమే మిగిలింది. చివరికి "మీ నుంచి స్పందన లేనందున ఈ ఫిర్యాదు ముగించాము" అని సందేశం వచ్చింది. నా స్పందన మీ దగ్గరే ఉంది. అది చదవకుండా, నేనే మాట్లాడలేదని రాయడం నన్ను అవమానించడమే.

దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంత కాలం హోముక్యోకు కంపెనీ ధ్రువపత్రం గానీ, ముద్ర ధ్రువపత్రం గానీ ఇవ్వదు. అవి లేకుండా బ్యాంకులో ప్రతినిధి పేరు మారదు, కార్యాలయం అద్దె ఒప్పందం కొత్తగా రాసుకోవడానికి యజమాని ఒప్పుకోరు. మా ఉద్యోగులు జీతాలు సమయానికి వస్తాయా అని అడుగుతుంటే వాళ్లకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రోజుల్లో నాకు దారి చూపింది హోముక్యోకు అధికారి. విదేశీయుడు సంతకం చేసి, ఆ సంతకం తనదేనని స్వదేశంలోని నోటరీ చేత ధ్రువీకరింపజేసి, జపనీస్ అనువాదంతో పంపితే ముద్ర ధ్రువపత్రానికి బదులుగా తీసుకుంటారని ఆయన చెప్పారు. మా మిత్రుడు హైదరాబాద్‌లో నోటరీ దగ్గరికి వెళ్లి, కొరియర్‌లో పత్రాలు పంపారు. అనువాదం నేనే రాశాను. నమోదు పూర్తయింది. అందులో మీ సాయం ఏమీ లేదు.

నమోదు పూర్తయిన తరువాత మీ టోక్యో బృందం నుంచి మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది. చిరునామా దాచే కోరికను దరఖాస్తుతో పాటే పెట్టి ఉండాల్సిందని అందులో రాశారు. ఇల్లు కాలిన తరువాత బావి తవ్వుకోమన్నట్టుంది ఆ జవాబు. ఇప్పుడు మా ఇంటి చిరునామా రిజిస్టరులో అందరికీ కనిపిస్తోంది. మీరు ఒక్క మాట సమయానికి చెప్పి ఉంటే నేను ఆ కాగితాలు కూడా జతచేసి ఉండేవాణ్ని. కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చినా ఈ నష్టం తీరదు.

అయినా ఆ డబ్బు నాకు తిరిగి రావాలి. నోటరీకి, కొరియర్‌కు అయిన ఖర్చు కూడా మీరే భరించాలి. రాజీనామా పత్రంలోని తప్పు వాక్యాన్ని వెంటనే తీసేసి, ఇప్పటికే ఆ నమూనా కొన్న వాళ్లందరికీ తెలియజేయాలి, ఎందుకంటే వాళ్లలో కొందరి గడువు ఈరోజు కూడా నడుస్తూ ఉండవచ్చు. వీటన్నిటికంటే ముందు, నేను పంపిన ఈమెయిళ్లు చదివిన ఒక బాధ్యతగల వ్యక్తి తన పేరుతో, తన సంతకంతో నాకు జవాబు రాయాలి. యంత్రం పంపే సందేశాన్ని నేను జవాబుగా స్వీకరించను.

మేము కంపెనీగా కొన్నాం కాబట్టి వినియోగదారుల కేంద్రం మా తరఫున మాట్లాడదని మీరు ధైర్యంగా ఉండవచ్చు. కానీ 6 లక్షల యెన్‌ల లోపు బాకీలకు సరళ న్యాయస్థానంలో (చిన్న కేసులు చూసే కోర్టు) చిన్న మొత్తాల దావా ఉంది, సాధారణంగా ఒక్క విచారణతోనే తీర్పు వస్తుంది. లాయరు అవసరం లేదు. నమోదు కాగితాలన్నీ సొంతంగా పూర్తి చేసుకున్న నాకు ఆ కాగితాలు కష్టం కావు. ఈ నెలాఖరు లోపు మీ జవాబు రాకపోతే ముందు జపనీస్‌లో రుజువు తపాలా (ఏం రాశామో తపాలా కార్యాలయమే ధ్రువీకరించే ఉత్తరం) పంపి, ఆ తరువాత దావా వేస్తాను. మీ చాట్ సందేశాలు, ముగించినట్టు పంపిన నోటీసు, నమూనా పేజీ అన్నీ భద్రంగా ఉన్నాయి. నిషికసాయ్‌లో నన్ను అడిగే వాళ్లకు కూడా జరిగినది జరిగినట్టే చెబుతాను.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
ప్రతినిధి డైరెక్టర్,
ఎదొగావా వార్డు, టోక్యో

జత: హోముక్యోకు సవరణ వివరాలు, మీ నమూనా పేజీ, మీ సహాయ విభాగంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులు