ఫైరింజన్‌లో ఆక్సిజన్ కూడా ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

మంటలు చెలరేగితే 101కి, మనిషి ప్రాణం మీదికి వస్తే 108కి ఫోన్ చేయడం మనకు అలవాటు. పొగలో చిక్కుకున్న మనిషి విషయంలో మాత్రం ఇవి రెండు వేర్వేరు ఆపదలు కావు. అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు తెగించి ఒకరిని బయటికి మోసుకొచ్చేసరికి అంబులెన్స్ ఇంకా గాజువాక ట్రాఫిక్‌లోనే ఉంటే, ఆ మధ్య నిమిషాల్లో బాధితుడికి దిక్కు ఆ సిబ్బందే. గుండె ఆగిపోతే 4 నుంచి 6 నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

విశాఖ పారిశ్రామిక ప్రాంతాల్లో ఉండే మాకు ఇది ఊహించుకున్న భయం కాదు. 1997 సెప్టెంబరులో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి వెలువడినప్పుడు, ఆర్.ఆర్. వెంకటాపురం ప్రజలు పరుగెత్తుతూ పరుగెత్తుతూ రోడ్ల మీదే కుప్పకూలారు. అలాంటి చోట మొదట కావలసింది నీళ్ల గొట్టం కాదు, ఊపిరి.

ప్రథమ చికిత్స అగ్నిమాపక సిబ్బంది శిక్షణలో భాగమే. నేను కోరుతున్నది దానికి మించిన తర్ఫీదు, దానికి తగిన సామగ్రి. సిబ్బంది వీపున మోసే సిలిండర్‌లో ఉండేది వారు పొగలో పీల్చుకోవడానికి నింపిన మామూలు గాలి. బాధితుడికి కావలసింది ఆక్సిజన్. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపేందుకు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఆ తేడాను పట్టుకోలేక అంతా బాగానే ఉన్నట్లు అంకె చూపిస్తుంది. ఈ సంగతి తెలియనివారి చేతిలో ఆ పరికరం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అంకె ఎంతున్నా పొగ పీల్చిన మనిషికి వెంటనే ఆక్సిజన్ పెట్టాలన్నది శిక్షణతోనే వంటబడుతుంది. అందుకే పరికరాలు కొని తాళం వేసి ఉంచడాన్ని నేను ఏర్పాటుగా లెక్కించలేను.

ప్రతి ఫైరింజన్‌లో మాస్కుతో కూడిన ఆక్సిజన్ సిలిండర్, ఊపిరి ఆడనివారికి చేత్తో నొక్కి గాలి అందించే ఆంబు బ్యాగ్, ఆగిన గుండెను విద్యుత్ షాక్‌తో మళ్లీ కొట్టుకునేలా చేసే ఏఈడీ పరికరం, కాలిన గాయాలకు శుభ్రమైన కట్లు, స్ట్రెచర్ ఉండాలి. ఏఈడీ ప్యాడ్లకూ బ్యాటరీలకూ గడువు ఉంటుంది కనుక వాటిని నెలనెలా తనిఖీ చేసి రిజిస్టరులో రాయాలి. గుండె ఆగినవారి ఛాతీని నొక్కుతూ ఊపిరి అందించే సీపీఆర్ నైపుణ్యం కూడా సాధన లేకపోతే కొన్ని నెలల్లోనే చేయి జారిపోతుంది. ఒకసారి సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకోకుండా ఏడాదికి రెండుసార్లయినా బొమ్మపై సాధన చేయించాలి. ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వైద్యులు మన నగరంలోనే ఉండగా శిక్షకుల కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేదు. ఖర్చు విషయానికి వస్తే, కంపెనీల చట్టం ప్రకారం పెద్ద పరిశ్రమలు తమ లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇక్కడి పరిశ్రమలు ఆ డబ్బులో కొంత దీనికి ఇవ్వడం న్యాయం, ఎందుకంటే ప్రమాదపు అంచున బతుకుతున్నది వాటి ప్రహరీ పక్కనున్న కుటుంబాలే.

ముందుగా పారిశ్రామిక ప్రాంతాలకు వెళ్లే వాహనాలతో ఈ పని మొదలుపెట్టాలని, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో ఎన్ని వాహనాల్లో ఈ సామగ్రి ఉందో, ఎంతమంది సిబ్బంది శిక్షణ పొందారో నగర ప్రజలకు తెలియజేయాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మల్కాపురం, విశాఖపట్నం